లారీకి నాడి చూడటం ఎలా?

ఆగి ఉన్న లారీ పక్కన నిలబడి ఎప్పుడైనా దాని చప్పుడు శ్రద్ధగా విన్నారా? లారీ కదలడం లేదు. డ్రైవరు కాలు యాక్సిలరేటరు మీద లేదు. అయినా ఇంజను మాత్రం ఒకే వరసలో గుడగుడమంటూ తిరుగుతూనే ఉంటుంది. దీనిని మెకానిక్కులు ఐడ్లింగ్ అంటారు. మనిషి పడుకొని ఉన్నా గుండె కొట్టుకుంటూ ఉంటుంది కదా! ఇదీ అలాంటిదే. వైద్యుడు నాడి పట్టి రోగం పసిగట్టినట్లు, అనుభవమున్న మెకానిక్కు ఈ చప్పుడు విని ఇంజనులో ఎక్కడ జబ్బు చేసిందో వెతకడం మొదలుపెడతాడు.

ఇదేమన్నా మంత్రమా? కాదు. మీరు సైన్సు గదిలో నేర్చుకొనే పద్ధతే. చూడటం, ఊహించడం, పరీక్షించడం, పొరపాటైతే ఒప్పుకొని మళ్లీ ఊహించడం. ఈ పద్ధతి ఒక కుటుంబాన్ని అప్పుల పాలు కాకుండా ఎలా కాపాడిందో చెబుతాను, వినండి.

ఆలస్యంగా వచ్చే అమ్మాయి

నేను హైదరాబాదు పాతబస్తీలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. ఒక వేసవిలో, వార్షిక పరీక్షల ముందు, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వరసగా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఎందుకమ్మా అని అడిగితే, “మా నాయన ట్యాంకరు మల్ల ఆగిపోయింది సార్. నీళ్లు రాలేదు. నేనూ మా అన్నా పోయి నెట్టినం” అన్నది.

వాళ్ల నాన్నగారికి ఒక పాత లారీ ఉంది. దానిమీద పదివేల లీటర్ల ట్యాంకు బిగించి ఫలక్‌నుమా, షంషీర్‌గంజ్ వైపు బస్తీలకు నీళ్లు తోలుతాడు. పదివేల లీటర్లంటే పది టన్నులు! లారీ గల్లీ మొదట్లో నిలబడితే జనం బిందెలు, బకెట్లు, డ్రమ్ములు పట్టుకొని వరస కడతారు. బ్యాటరీ పాతది కాబట్టి నీళ్లు పట్టేంతసేపూ ఆయన ఇంజను ఆపడు. కాని ఇంజనే తనంతట తాను ఆగిపోతోంది. ముందు చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. చివరకు ఒక్కసారి దగ్గి ఊరుకుంటుంది. ఇక పదిమంది చేరి నెట్టవలసిందే.

ఆయన అప్పటికే ఇద్దరు మెకానిక్కులకు చూపించాడు. మొదటివాడు ఐడ్లింగ్ స్క్రూ తిప్పి వేగం పెంచాడు. రెండు రోజులు బాగుంది. మూడోరోజు మళ్లీ అదే కథ. పైగా డీజిలు ఖర్చు పెరిగింది. రెండోవాడు, “పంపు అరిగిపోయింది, విప్పాలి” అన్నాడు. అందుకు చాలా వేలు కావాలి. అంటే వడ్డీకి అప్పు తేవాలి. అప్పు తెచ్చి పంపు విప్పించాక కూడా జబ్బు పోకపోతే?

“విప్పేముందు ఒకసారి చూద్దాం” అన్నాను. నా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు బహదూర్‌పురా దగ్గర, జూపార్కు దాటి ఆరాంఘర్ వైపు వెళ్లే దారిలో, ఒక లారీ వర్క్‌షాపులో పని చేస్తున్నాడు. అక్కడి పెద్ద మెకానిక్కుని అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. ఒక ఆదివారం మధ్యాహ్నం లారీని అక్కడికి తీసుకువెళ్లాము. ఉస్తాద్ ఏం చేశాడో తెలుసుకొనే ముందు, డీజిలు ఇంజను పని చేసే తీరును కొంచెం చూద్దాం.

నిప్పు లేకుండా మంట

పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని వెలిగించడానికి స్పార్కు ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది ఉండదు. మరి మంట ఎలా పుడుతుంది? సైకిలు పంపుతో గట్టిగా గాలి కొడితే పంపు అడుగుభాగం వేడెక్కుతుంది కదా! గాలిని త్వరగా నొక్కితే వేడి పుడుతుందన్నమాట. డీజిలు ఇంజనులో ముషలకం, అంటే పిస్టను, సిలిండరులోని గాలిని సుమారు 17వ వంతుకు నొక్కివేస్తుంది. ఆ గాలి వేడి 500 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంజెక్టరు అనే పరికరం డీజిలును సన్నని తుంపరగా చిమ్ముతుంది. వేడిగాలి తగలగానే తుంపర భగ్గుమంటుంది.

ఈ ఊహ రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరుది. ఆయన 1858లో పారిస్‌లో పుట్టాడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో ఆయన ఇంజను పరీక్షలో నెగ్గింది. కాని ఆ కాలంలో డీజిలును సిలిండరులోకి ఊదడానికి వేరే గాలి యంత్రం కావలసి వచ్చేది. అంత బరువును మోసుకొని లారీ ఎలా నడుస్తుంది? 1927లో రాబర్ట్ బాష్ సంస్థ చిన్న ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టిన తరువాతే డీజిలు లారీలు రోడ్ల మీద విరివిగా తిరిగాయి. మన దేశంలో ఈ పంపుల తయారీ కోసం 1951లో బెంగుళూరులో మైకో సంస్థ వెలిసింది. పాత లారీల పంపుల మీద ఆ పేరు మీరు చూడవచ్చు.

చుక్కలో ఐదో వంతు

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మన లారీకి ఆరు సిలిండర్లు. ఐడ్లింగ్‌లో ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతుందనుకోండి. అంటే సెకనుకు 10 చుట్లు. ఇది నాలుగు ఘాతాల ఇంజను కాబట్టి ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. అంటే సెకనుకు 5 సార్లు. ఆరు సిలిండర్లకూ కలిపి సెకనుకు 30 పేలుళ్లు! గంటకు 1,08,000.

నిలబడి ఉన్న లారీ గంటకు సుమారు ఒక లీటరు డీజిలు తాగుతుందనుకొందాం. ఒక లీటరంటే పది లక్షల ఘన మిల్లీమీటర్లు. దీనిని 1,08,000తో భాగిస్తే ఒక్కొక్క పేలుడుకు వచ్చేది సుమారు 9 ఘన మిల్లీమీటర్లు. మీ ప్రయోగశాలలోని డ్రాపరు నుంచి పడే ఒక్క నీటిచుక్క సుమారు 50 ఘన మిల్లీమీటర్లుంటుంది. అంటే పంపు ఒక్కొక్కసారి కొలిచి పంపేది చుక్కలో ఐదో వంతు కూడా కాదన్నమాట! ఆ కొద్దిపాటి డీజిలును కూడా వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల పీడనంతో చిమ్మాలి. అందుకే పంపులోని చిన్న ముషలకానికీ దాని గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడు మాత్రమే ఉంటుంది. మీ తల వెంట్రుక మందం దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

జబ్బు ఐడ్లింగ్‌లోనే ముందుగా ఎందుకు బయటపడుతుందో ఇప్పుడు తెలుస్తోందా? బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి పేలుడుకూ 60 ఘన మిల్లీమీటర్లు పోతుంటే, అందులో 2 తగ్గినా డ్రైవరుకు తెలియదు. నిలబడ్డప్పుడు 9లో 2 తగ్గితే ఇంజను తడబడక తప్పదు. ఉన్నవాడికి రూపాయి పోతే లెక్కలేదు, లేనివాడికి పోతే పూట గడవదు. ఇదీ అంతే!

ఊగిసలాట ఎందుకు?

పంపు వెనుకభాగంలో గవర్నరు అనే కాపలాదారు ఉంటాడు. ఇరుసుతో పాటు తిరిగే రెండు బరువులు, వాటిని లోపలికి లాగే స్ప్రింగులు - ఇదే గవర్నరు. వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకొని ఒక కడ్డీని జరుపుతాయి. దానితో డీజిలు తగ్గుతుంది. వేగం తగ్గితే స్ప్రింగు వాటిని లోపలికి లాగుతుంది, డీజిలు పెరుగుతుంది. ఇటువంటి గవర్నరును 1788లోనే జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చాడు.

అయితే ఈ కాపలాదారు జరిగిన తరువాత సరిదిద్దుతాడు గాని, జరగబోయేది ముందుగా చెప్పలేడు. ఏ కారణం చేతనో ఒకసారి డీజిలు తక్కువ పడిందనుకోండి. వేగం తగ్గుతుంది. గవర్నరు డీజిలు పెంచుతుంది. ఈలోగా ఆ కారణం తొలగిపోతే పెంచిన డీజిలు ఎక్కువైపోతుంది. ఇంజను ఉరుకుతుంది. గవర్నరు తగ్గిస్తుంది. ఇలా ఉయ్యాల ఊగినట్లు వేగం పైకీ కిందికీ పోతూ ఉంటుంది. ఇటువంటి యంత్రాలు ఎప్పుడు నిలకడగా ఉంటాయి, ఎప్పుడు ఊగిపోతాయి అనే విషయాన్ని 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గణితంతో వివరించాడు. అవును, మీరు విద్యుదయస్కాంత తరంగాల పాఠంలో వినే ఆ మాక్స్‌వెలే!

ఉస్తాద్ పరీక్షలు

ఇక వర్క్‌షాపుకు వద్దాం. ఉస్తాద్ స్క్రూడ్రైవరు పట్టుకోలేదు. ముందు వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చొని అయిదు నిమిషాలు విన్నాడు. తరువాత పొగ చూశాడు. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువైందనో, గాలి చాలలేదనో అర్థం. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతున్నట్లు. తెల్లపొగ వస్తే డీజిలు సరిగా కాలకుండానే బయటికి పోతున్నట్లు. మన లారీ పొగలో పెద్ద తేడా ఏమీ లేదు. ఊగినప్పుడు మాత్రం కొంచెం తెల్లపొగ వస్తోంది.

మొదటి పరీక్ష: ఆరింటిలో ఏదైనా ఒక సిలిండరు పని చేయడం లేదా? ఉస్తాద్ ఒక్కొక్క ఇంజెక్టరుకు వచ్చే గొట్టం నట్టును కొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగించాడు. నట్టు వదులు చేస్తే ఆ సిలిండరుకు డీజిలు అందదు. అప్పటివరకూ అది పని చేస్తూ ఉంటే ఇంజను చప్పుడు మారి తీరాలి. మారకపోతే దొంగ అదే! ఆరు నట్లూ అయ్యాయి. ఆరుసార్లూ చప్పుడు మారింది. అంటే ఆరూ పని చేస్తున్నాయి.

“మాస్టర్ సాబ్, ఇంట్లో ఒక్కరికి జ్వరమొస్తే ఆ ఒక్కరిని చూస్తాం. ఆరుగురికీ ఒక్కసారే వస్తే అందరూ తాగే బావిని చూడాలి” అన్నాడు ఉస్తాద్. ఎంత మంచి తర్కమో చూశారా!

రెండో పరీక్ష: ఫిల్టరు మీది స్క్రూను వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతిపంపు కొట్టించాడు. డీజిలుతో పాటు బుడగలు బుసబుసమని వచ్చాయి. గాలి! బుడగలు పూర్తిగా పోయాక స్క్రూ బిగిస్తే ఇంజను నిలకడగా తిరిగింది. అమ్మాయి నాన్నగారి ముఖం వికసించింది. కాని ఉస్తాద్ కదలలేదు. పావుగంట గడిచింది. మళ్లీ ఊగడం మొదలైంది. స్క్రూ విప్పితే మళ్లీ బుడగలు!

గాలి అంత పని ఎందుకు చేస్తుంది? ద్రవాన్ని నొక్కితే అది దాదాపు కుంచించుకుపోదు. అందుకే పంపు నొక్కిన నొక్కు ఇంజెక్టరుదాకా చేరుతుంది. మధ్యలో బుడగ ఉంటే నొక్కంతా దానిని కుదించడానికే సరిపోతుంది. ఇంజెక్టరు తెరుచుకోవలసిన పీడనం రాదు. ఆ పేలుడు తప్పిపోతుంది. తరువాతి కథ గవర్నరుది. అది మీకు తెలుసు.

కారని చోట రంధ్రం

సరే, గాలి ఎక్కడినుంచి వస్తోంది? గొట్టానికి రంధ్రం ఉంటే డీజిలు కారాలి కదా! కింద ఒక్క చుక్క కూడా లేదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఫీడ్ పంపు దాటిన తరువాత డీజిలు నెట్టబడుతుంది. అక్కడ రంధ్రముంటే బయటికి కారుతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు డీజిలు పీల్చబడుతుంది. అక్కడి పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువ. కాబట్టి ఇంజను తిరిగేటప్పుడు అక్కడి రంధ్రంలోంచి డీజిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పగిలిన స్ట్రాతో చెరకురసం తాగి చూడండి. రసం కారదు. మీ నోట్లోకి గాలి వస్తుంది.

మూడో పరీక్ష అందరికీ నచ్చింది. ఉస్తాద్ ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని ఊడదీసి, శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, కొత్త రబ్బరు గొట్టంతో ఫీడ్ పంపుకు కలిపాడు. గాలి తీసి ఇంజను వేశాడు. అరగంట సేపు అది రవ్వంతైనా ఊగలేదు. దీనివల్ల ఏమి తేలింది? ఫీడ్ పంపు, ఫిల్టరు, పెద్ద పంపు, గవర్నరు, ఇంజెక్టర్లు అన్నీ నిర్దోషులే. వేలు పోసి విప్పవలసిన అవసరం లేదు. దొంగ ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉన్నాడు.

ఆ దారిలోని రాగి వాషర్లు పాతబడ్డాయి. ఉస్తాద్ వాటిని మార్చాడు. ఇంటికి వెళుతూ డ్రైవరు ట్యాంకు నిండా డీజిలు కొట్టించాడు. మర్నాడు లారీ చక్కగా పని చేసింది. వాషర్లే కారణమని అందరం సంతోషించాము, నేను కూడా. మూడోరోజు సాయంకాలానికి మళ్లీ లారీ గల్లీలో ఆగిపోయింది!

నోటు పుస్తకం చెప్పిన సాక్ష్యం

మా పొరపాటు ఎక్కడుంది? ఒకేసారి రెండు మార్పులు జరిగాయి. వాషర్లు మారాయి. ట్యాంకు నిండింది. లారీ బాగుపడింది దేనివల్లనో తేల్చకుండానే పేరు వాషర్లకు ఇచ్చేశాము. ప్రయోగంలో ఒక్కసారికి ఒక్కటే మార్చాలని తరగతిలో చెప్పే నేనే ఈ సంగతి మరిచాను.

అప్పుడు ఆ అమ్మాయికి ఒక పని అప్పజెప్పాను. లారీలోని డీజిలు ముల్లు ఎప్పుడో పాడైంది. వాళ్ల నాన్నగారు ట్యాంకులోకి ఒక కడ్డీ ముంచి డీజిలు ఎంత ఉందో చూసుకొంటాడు. ఆ కడ్డీని స్కేలుతో కొలిచి, ప్రతిసారీ డీజిలు లోతు, ఐడ్లింగ్ తీరు నోటు పుస్తకంలో రాయమన్నాను. నాలుగు రోజులు రాసింది. పట్టిక చూస్తే 38 సెంటీమీటర్ల దగ్గర నిలకడ. 31 దగ్గర నిలకడ. 24 దగ్గర ఊగడం. 17 దగ్గర ఆగిపోవడం. మళ్లీ డీజిలు కొట్టిస్తే నిలకడ. ప్రతిసారీ ఇంతే.

“సార్, రంధ్రం ట్యాంకు లోపలి గొట్టానికే ఉన్నది. కిందినుంచి 24కూ 31కీ నడుమ ఉంటది” అన్నది ఆ అమ్మాయి. ఎలా చెప్పగలిగిందో మీరే ఆలోచించండి. ట్యాంకు లోపల పైనుంచి అడుగుదాకా ఒక గొట్టం దిగి ఉంటుంది. దాని మధ్యలో చీలిక ఉంటే, డీజిలు దానికంటే పైన ఉన్నంతసేపు చీలికలోంచి వచ్చేదీ డీజిలే. ఏ నష్టమూ లేదు. డీజిలు చీలిక కిందికి దిగగానే అది గాలిని పీల్చడం మొదలుపెడుతుంది!

ఉస్తాద్ ఆ గొట్టాన్ని బయటికి తీశాడు. తుప్పుపట్టిన చోట వెంట్రుకంత చీలిక ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే అడుగునుంచి 26 సెంటీమీటర్లు. ఉస్తాద్ నోటు పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసి, “బేటీ, ఇది నువ్వు పట్టిన దొంగ” అన్నాడు. కొత్త గొట్టానికి అయిన ఖర్చు రెండు రోజుల డీజిలు ఖర్చుకంటే తక్కువే. ఐడ్లింగ్ స్క్రూను తిరిగి పాత చోటికి తిప్పారు. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరును చన్నీళ్లలో ముంచితే జ్వరం తగ్గదు కదా! స్క్రూ తిప్పి వేగం పెంచడమూ అలాంటిదే.

కొత్త లారీల సంగతి

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలయ్యాయి. ఈ కొత్త లారీలలో గవర్నరు బరువులు లేవు. కంప్యూటరే ప్రతి ఇంజెక్టరుకూ ఎంత డీజిలు పోవాలో క్షణక్షణమూ లెక్క కడుతుంది. తప్పు జరిగితే ఒక సంకేతం చూపుతుంది. కాని ఆ సంకేతం “డీజిలు పీడనం తక్కువ” అని చెప్పగలదే గాని, “ట్యాంకులో గొట్టం చీలింది” అని చెప్పలేదు. అది వెతకవలసింది మనిషే. పాత లారీలూ మన బస్తీలలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మీరు చేసి చూడండి

సూది లేని పెద్ద సిరంజి తీసుకోండి. అందులో బుడగ లేకుండా నీళ్లు నింపి, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కండి. కదలదు. ఇప్పుడు కొద్దిగా గాలి చేరనిచ్చి మళ్లీ నొక్కండి. స్ప్రింగులా లోపలికి పోయి, వదలగానే వెనక్కి వస్తుంది. గొట్టంలో గాలి పట్టిన పంపు పరిస్థితి ఇదే.

ఒక జాగ్రత్త. తిరుగుతున్న ఇంజను దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా వెళ్లకండి. ఇంజెక్టరు చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి దూసుకుపోగలదు. ఫ్యానుకు చున్నీ, చొక్కా చిక్కుకొనే ప్రమాదం ఉంది. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది.

చివరగా ఒక ప్రశ్న. ఒక ఆరు సిలిండర్ల లారీలో నాలుగో నట్టు వదులు చేసినా చప్పుడు మారలేదు. నాలుగో ఇంజెక్టరును తీసి రెండో దాని స్థానంలో, రెండోదాన్ని నాలుగో దాని స్థానంలో పెట్టారు. ఇప్పుడు రెండో నట్టు వదులు చేస్తే చప్పుడు మారడం లేదు, నాలుగోది వదులు చేస్తే మారుతోంది. తప్పు ఇంజెక్టరుదా, సిలిండరుదా? కారణంతో సహా మీ నోటు పుస్తకంలో రాయండి. ఆ అమ్మాయికి ఈ ప్రశ్న ఇస్తే అరనిమిషంలో జవాబు చెప్పింది. అన్నట్లు, ఇప్పుడామె బడికి సరైన వేళకే వస్తోంది.